ఎంజైమ్ అతికించిన అధిశోషకంతో నీటిలోని కాలుష్యకాలను తొలగించడం ఎలా?

నీటిలో కరిగిపోయిన సేంద్రియ కాలుష్యకాలను పట్టుకోవడానికి యాక్టివేటెడ్ కార్బన్ వంటి అధిశోషకాలు చాలాకాలంగా ఉపయోగపడుతున్నాయి. అయితే అవి కాలుష్యకాన్ని నీటిలోంచి తీసి తమ ఉపరితలం మీద నిలుపుకుంటాయే తప్ప దాన్ని మార్చవు. ఉపరితలం నిండగానే పని ఆగిపోతుంది, పట్టుకున్న పదార్థాన్ని ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది. ఎంజైముల దారి వేరు. అవి కాలుష్యకపు అణువును రసాయనికంగా మార్చివేస్తాయి. కానీ వాటిని నేరుగా నీటిలో కలిపితే నీటితోపాటే కొట్టుకుపోతాయి కనుక ఒక్కసారికి మించి పనికిరావు. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి, అధిశోషకానికే ఎంజైమ్‌ను అతికిస్తే, అధిశోషకం కాలుష్యకాన్ని దగ్గరకు లాగుతుంది, ఎంజైమ్ అక్కడికక్కడే దాన్ని మారుస్తుంది.

బొగ్గుకు అంటుకున్న ఇన్వర్టేజ్ ఎంజైమ్ చక్కెరను విడగొట్టే శక్తిని కోల్పోదని నెల్సన్, గ్రిఫిన్ అనే శాస్త్రవేత్తలు 1916లోనే చూపించారు. 1969లో జపాన్‌కు చెందిన తనబే సెయాకు సంస్థ స్థిరీకరించిన (అంటే ఒక ఆధారానికి అతికించిన) ఎంజైమ్‌ను అమైనో ఆమ్లాల ఉత్పత్తికి పారిశ్రామిక స్థాయిలో వాడింది. నీటి శుద్ధికి వచ్చేసరికి, ఫినాల్ కలిసిన వ్యర్థజలాలను పెరాక్సిడేజ్ ఎంజైమ్‌తో శుభ్రపరచవచ్చని క్లిబనోవ్ బృందం 1980వ దశకం తొలి సంవత్సరాల్లో నిరూపించింది.

ఈ వ్యాసం ప్రయోగశాల సౌకర్యం ఉన్న విద్యార్థులనూ పరిశోధకులనూ ఉద్దేశించినది. రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థపు పూసలకు లాకేజ్ ఎంజైమ్‌ను అతికించి, వాటితో బిస్ఫినాల్-ఏ అనే కాలుష్యకాన్ని తొలగించే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను. పూసల తయారీ కంటే ముఖ్యమని నేను భావించేది మరొకటి ఉంది. నీటిలో కాలుష్యకం తగ్గిందని చూపించడం తేలిక; తగ్గినది పూసకు అంటుకుని ఉందా, నిజంగా మారిపోయిందా అన్నది విడివిడిగా లెక్క చెప్పగలగడమే అసలు పని. ఆ లెక్క లేని ప్రయోగంలో, ఎంజైమ్ ఏమాత్రం పనిచేయకపోయినా చేసినట్టే కనిపించవచ్చు. ఇలా శుద్ధి చేసిన నీరు తాగడానికి కాదన్న విషయం కూడా ముందే చెబుతున్నాను.

మీ కాలుష్యకానికి ఎంజైమ్ సరిపోతుందా?

ఏ ఎంజైమ్ అయినా అన్నింటినీ మార్చదు. లాకేజ్ తన నాలుగు రాగి పరమాణువుల సాయంతో పదార్థం నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని, వాటిని ఆక్సిజన్‌కు అందించి నీరుగా మారుస్తుంది. అందువల్ల దానికి గాలిలోని ఆక్సిజన్ తప్ప మరే రసాయనమూ అవసరం లేదు. ఫినాల్ సమూహం ఉన్న పదార్థాలు, అంటే ఫినాల్, క్లోరోఫినాల్స్, బిస్ఫినాల్-ఏ, ఈస్ట్రడయాల్ వంటి హార్మోన్లు, దీనికి బాగా లొంగుతాయి. అద్దకపు రంగుల్లో కొన్ని లొంగుతాయి, కొన్ని లొంగవు. కార్బమజెపైన్ వంటి మందులు లాకేజ్ ఒక్కదానికే దాదాపు చెక్కుచెదరవు. గుర్రపుముల్లంగి నుంచి తీసే పెరాక్సిడేజ్ కూడా ఫినాల్ జాతి పదార్థాలపైనే పనిచేస్తుంది, కాకపోతే దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ అందించాలి. పెరాక్సైడ్ ఎక్కువైతే అదే ఎంజైమ్‌ను చంపుతుంది. పారాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులను విడగొట్టడానికి ఆర్గానోఫాస్ఫరస్ హైడ్రోలేజ్ అనే మరో ఎంజైమ్ ఉంది.

భార లోహాలు, నైట్రేట్, ఫ్లోరైడ్, కరిగిన లవణాలు మీ సమస్య అయితే లాకేజ్‌తో మీకు ప్రయోజనం లేదు. కైటోసాన్ కొన్ని లోహాలను పట్టుకుంటుంది గానీ అది అధిశోషకం చేసే పని, అందులో ఎంజైమ్ ప్రమేయం లేదు. పైగా ఫ్లోరైడ్, క్లోరైడ్, సయనైడ్, అజైడ్ అయాన్లు లాకేజ్ పనిని అడ్డుకుంటాయి. అందుకే ఎంజైమ్ కొనడానికి ముందే మీ నీటి పీహెచ్, క్లోరైడ్, ఫ్లోరైడ్, తేలియాడే మలినాలు, మొత్తం సేంద్రియ కర్బనం కొలిపించండి. ఉప్పు ఎక్కువగా ఉన్న అద్దకపు వ్యర్థజలంతో పని మొదలుపెట్టి, ఎంజైమ్ నాణ్యత లేనిదని నిందించడంలో అర్థం లేదు.

పీహెచ్ గురించి కొంచెం ఎక్కువ ఆలోచించాలి. శిలీంధ్రాల నుంచి, ముఖ్యంగా ట్రామెటీస్ వెర్సికలర్ నుంచి తీసిన లాకేజ్ 4 నుంచి 5 పీహెచ్ మధ్య చురుగ్గా ఉంటుంది. సహజ జలాల పీహెచ్ సాధారణంగా 7 చుట్టూ ఉంటుంది, అక్కడ ఈ ఎంజైమ్ వేగం బాగా పడిపోతుంది. నీటిని ఆమ్లీకరించి, శుద్ధి అయ్యాక మళ్లీ తటస్థం చేయడం పెద్ద మోతాదులో భారమవుతుంది. అసలు గురి తటస్థ జలమే అయితే, బాసిల్లస్ సబ్టిలిస్‌కు చెందిన కాట్-ఏ వంటి బ్యాక్టీరియా లాకేజ్‌ను ఎంచుకోవడం మేలు. నేర్చుకోవడానికి మాత్రం సులభంగా దొరికే శిలీంధ్ర లాకేజ్ చాలు.

ఆధార పదార్థం ఎంపిక

ఎంజైమ్‌ను మోసే పదార్థానికి మూడు గుణాలు కావాలి. కాలుష్యకాన్ని ఆకర్షించాలి, ఎంజైమ్ లోపలికి వెళ్లేంత పెద్ద రంధ్రాలు ఉండాలి, నీటిలో చెదిరిపోకూడదు. యాక్టివేటెడ్ కార్బన్‌కు గ్రాముకు 500 నుంచి 1500 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది గానీ అందులో అధికభాగం 2 నానోమీటర్ల కంటే చిన్న రంధ్రాల్లోనే ఉంటుంది. లాకేజ్ అణువు వెడల్పు సుమారు 5 నుంచి 7 నానోమీటర్లు. అంటే ఆ విస్తీర్ణమంతా కాలుష్యకానికి అందుతుంది, ఎంజైమ్‌కు అందదు. కేవలం ఉపరితల విస్తీర్ణపు అంకె చూసి ఆధార పదార్థాన్ని ఎంచుకోవద్దని చెప్పేది ఇందుకే. మీసోపోరస్ సిలికా తీసుకుంటే కనీసం 10 నానోమీటర్ల రంధ్రాలున్న రకం చూడండి. మాగ్నటైట్ కలిపిన పూసలను అయస్కాంతంతో బయటికి తీయవచ్చు కనుక అవి బురద నీటికి అనుకూలం. ఆల్జినేట్ పూసలు చేయడం అన్నిటికంటే సులభం. అయితే వాటిని నిలబెట్టేది కాల్షియం. ఫాస్ఫేట్ బఫర్‌లో వేస్తే ఫాస్ఫేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, పూసలు మెత్తబడి కరిగిపోతాయి.

కైటోసాన్‌ను ఎంచుకోవడానికి కారణం దానిలోని అమైన్ సమూహాలు. గ్లూటరాల్డిహైడ్ ఒక చివరతో ఈ అమైన్‌ను, మరో చివరతో ఎంజైమ్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని రెండింటినీ గట్టిగా బంధిస్తుంది. కైటోసాన్‌కు ఒక బలహీనత ఉంది: పీహెచ్ సుమారు 6.5 కంటే తగ్గితే ఈ అమైన్లు ధనావేశం పొందుతాయి, అది క్రమంగా కరగడం మొదలవుతుంది. మన ఎంజైమ్ ఇష్టపడే పీహెచ్ 5 సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంది. కాబట్టి గ్లూటరాల్డిహైడ్‌తో అడ్డబంధాలు ఏర్పరచని కైటోసాన్ పూసలు ఈ పనికి నిలవవు.

పూసల తయారీ

గ్లూటరాల్డిహైడ్ కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది, పదేపదే తగిలితే అలర్జీ తెప్పిస్తుంది. ఎంజైమ్ పొడి పీల్చినా అదే ప్రమాదం. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. గ్లూటరాల్డిహైడ్‌తో చేసే పనులన్నీ ఫ్యూమ్ హుడ్ లోపలే చేయండి.

రెండున్నర గ్రాముల కైటోసాన్‌ను 100 మిల్లీలీటర్ల 2 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. ఒక్కసారిగా వేస్తే ఉండలు కడతాయి, ఆ ఉండల లోపలి పొడి ఎంత కలిపినా తడవదు. రాత్రంతా కలియబెట్టిన తర్వాత ద్రావణం పల్చటి తేనెలా జారాలి. కరగని నలుసులను పల్చటి గుడ్డతో వడకట్టి, గాలిబుడగలు పైకి తేలిపోయేదాకా కదపకుండా ఉంచండి. బుడగలున్న ద్రావణంతో చేసిన పూసలు నీటి మీద తేలతాయి, అలాంటివి తర్వాత కాలమ్‌లో (పూసలు నింపి నీటిని పంపే గొట్టంలో) ఇబ్బంది పెడతాయి.

ఈ ద్రావణాన్ని సిరంజితో, ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోకి చుక్కచుక్కగా వదలండి. చుక్క క్షారంలో మునగగానే తెల్లని గుండ్రటి పూసగా గట్టిపడుతుంది. చుక్క తోక సాగి బొట్టు ఆకారంలో వస్తే సూది క్షారానికి మరీ దగ్గరగా ఉందని, నీటి మీద చదునుగా పరుచుకుంటే మరీ ఎత్తులో ఉందని గ్రహించి సూది ఎత్తును సరిచేయండి. పూసలను రెండు గంటలు క్షారంలోనే ఉంచి, ఆ తర్వాత కడిగిన నీరు తటస్థంగా వచ్చేదాకా స్వేదనజలంతో కడగండి.

కడిగిన పూసలను పీహెచ్ 7 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపిన 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో వేసి, గది ఉష్ణోగ్రత దగ్గర రెండు గంటలు మెల్లగా ఊపండి. ట్రిస్ బఫర్ గానీ గ్లైసిన్ బఫర్ గానీ ఇక్కడ వాడకూడదు. వాటిలోని అమైన్లే గ్లూటరాల్డిహైడ్‌ను తినేస్తాయి. తెల్లని పూసలు క్రమంగా లేత పసుపుకు, ఆపైన గోధుమ పసుపుకు తిరుగుతాయి. రంగు పూస అంతటా ఒకేలా ఉండాలి. ఒక పూసను బ్లేడుతో మధ్యకు కోసి చూడండి: అంచు మాత్రమే పసుపై, నడుమ తెల్లగా ఉంటే అడ్డబంధాలు లోపలిదాకా చేరలేదని అర్థం, మరో గంట ఉంచండి. మరీ ఎక్కువసేపు ఉంచినా నష్టమే. పూస పెళుసుగా మారుతుంది, కాలుష్యకాన్ని పట్టే అమైన్లు తగ్గిపోతాయి.

చివరగా, మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ పూర్తిగా పోయేదాకా కడగాలి. ఎన్నిసార్లు కడగాలన్నది అంచనాకు వదలకండి. కడిగిన నీటిలో, ఆల్డిహైడ్‌ను గుర్తించే షిఫ్ కారకం కొన్ని చుక్కలు వేసి చూడండి. ఊదా ఛాయ రాకపోతేనే కడగడం ముగిసినట్టు. ఇక్కడ తొందరపడితే విడిగా ఉన్న గ్లూటరాల్డిహైడ్ ఎంజైమ్ అణువులను ద్రావణంలోనే ఒకదానికొకటి అతికించి పాడుచేస్తుంది.

ఎంజైమ్‌ను అతికించడం

మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ప్రోటీన్ ఉండేలా లాకేజ్‌ను పీహెచ్ 6 ఉన్న 0.05 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో కరిగించండి. కొన్న పొడిలో ప్రోటీన్ కాని పదార్థాలు చాలా ఉండవచ్చు కనుక పొడి బరువును ప్రోటీన్ బరువుగా లెక్కించవద్దు. ఒకటి రెండు గ్రాముల తడి పూసలకు 10 మిల్లీలీటర్ల ద్రావణం చొప్పున వేసి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఊపండి. అయస్కాంత కడ్డీతో కలపడం ఇక్కడ పనికిరాదు, అది పూసలను నలిపేస్తుంది.

మరునాడు ఆ ద్రావణాన్ని పారబోయకుండా భద్రపరచండి. పూసలను బఫర్‌తో, ఆపైన అర మోలార్ సోడియం క్లోరైడ్ కలిపిన బఫర్‌తో, మళ్లీ ఉప్పులేని బఫర్‌తో కడగండి. ఉప్పు నీరు కేవలం ఆవేశం వల్ల అంటుకున్న ఎంజైమ్‌ను వదలగొడుతుంది, బంధం ఏర్పడినది మాత్రమే నిలుస్తుంది. కడిగిన నీళ్లన్నింటినీ కూడా దాచండి. ఇంకా ఖాళీగా ఉన్న ఆల్డిహైడ్ చివరలను మూసివేయడానికి పూసలను 0.1 మోలార్ గ్లైసిన్‌లో ఒక గంట ఉంచి కడిగేయండి. వెంటనే వాడకపోతే బఫర్‌లో తడిగా, 4 డిగ్రీల దగ్గర నిల్వ చేయండి. గడ్డకట్టిస్తే లోపలి మంచు స్ఫటికాలు పూసలను చీలుస్తాయి.

ఎంత అతికింది, అందులో ఎంత పనిచేస్తోంది?

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో 595 నానోమీటర్ల దగ్గర ప్రోటీన్ కొలవాలి. 10 మిల్లీగ్రాముల ప్రోటీన్ వేస్తే, మిగిలిన ద్రావణంలోనూ కడిగిన నీళ్లలోనూ కలిపి 4 మిల్లీగ్రాములు కనిపించిందనుకోండి. పూసల మీద 6 మిల్లీగ్రాములు, అంటే 60 శాతం అతికింది.

రెండవదానికి ఏబీటీఎస్ అనే పదార్థం వాడతారు. లాకేజ్ దాన్ని ఆక్సీకరిస్తే నీలి ఆకుపచ్చ రంగు వస్తుంది. 420 నానోమీటర్ల దగ్గర ఆ రంగు పెరిగే వేగమే ఎంజైమ్ వేగం. దీని మోలార్ శోషణ గుణకం 36,000. ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో శోషణ నిమిషానికి 0.36 పెరిగితే, గాఢత నిమిషానికి 10 మైక్రోమోలార్ పెరిగినట్టు. 3 మిల్లీలీటర్ల ద్రావణంలో అది 0.03 మైక్రోమోల్, నిమిషానికి ఒక మైక్రోమోల్‌ను మార్చే శక్తిని ఒక యూనిట్ అంటారు కనుక 0.03 యూనిట్లు. పూసలతో కొలిచేటప్పుడు ఒక మెలకువ పాటించాలి. ఆక్సీకరణం చెందిన ఏబీటీఎస్‌లో కొంత కైటోసాన్‌కు పట్టుకుని పూసలే ఆకుపచ్చగా మారతాయి కాబట్టి, ఆలస్యం చేసే కొద్దీ అసలు కంటే తక్కువ విలువ వస్తుంది. మొదటి ఒకటి రెండు నిమిషాల కొలతలనే నమ్మండి.

100 యూనిట్లు వేస్తే 35 యూనిట్లు నీళ్లలో మిగిలాయనుకుందాం. పూసల మీద 65 ఉండాలి, కానీ కొలిస్తే 39 మాత్రమే కనిపించవచ్చు. కొన్ని అణువుల క్రియాస్థానం పూస వైపు తిరిగి మూసుకుపోతుంది, కొన్ని బంధించేటప్పుడు ఆకారం కోల్పోతాయి, మరికొన్ని పూస లోతుల్లో ఉండి వాటికి పదార్థం ఆలస్యంగా చేరుతుంది. ఈ నష్టం సహజం. దానికి బదులుగా మనకు దక్కేది నిలకడ, పదేపదే వాడుకునే వీలు.

అసలు పరీక్ష

గాజు పాత్రలే వాడండి. పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ తయారయ్యేదే బిస్ఫినాల్-ఏతో కనుక ఆ పాత్ర నుంచి కాలుష్యకం నీటిలోకి దిగే అవకాశం ఉంది. మరికొన్ని ప్లాస్టిక్‌లు, నైలాన్ వడపోత పొరలు దానికి విరుద్ధంగా బిస్ఫినాల్-ఏను పీల్చుకుంటాయి. తెలిసిన గాఢత ఉన్న ద్రావణాన్ని మీ వడపోత పొర గుండా పంపి, ముందూ వెనకా కొలిచి చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

పీహెచ్ 5 బఫర్‌లో లీటరుకు 20 మిల్లీగ్రాముల బిస్ఫినాల్-ఏ ఉండే ద్రావణాన్ని 100 మిల్లీలీటర్ల చొప్పున అయిదు ఫ్లాస్కుల్లో తీసుకోండి. మొదటిదానిలో ఏమీ వేయకూడదు; దానంతట అది ఎంత తగ్గుతుందో అది చెబుతుంది. రెండవదానిలో విడి ఎంజైమ్, మూడవదానిలో గ్లైసిన్‌తో మూసిన ఉత్త పూసలు, నాలుగవదానిలో శక్తి కోల్పోయిన ఎంజైమ్ ఉన్న పూసలు, అయిదవదానిలో మీ అసలు పూసలు. విడి ఎంజైమ్‌ను అసలు పూసల మీద కొలిచినన్ని యూనిట్లే వేయాలి, లేకపోతే పోలికకు విలువ ఉండదు.

నాలుగవ ఫ్లాస్కును దయచేసి వదిలేయకండి. ప్రోటీన్ పొర పూస ఉపరితల గుణాన్ని మార్చి అధిశోషణాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఉత్త పూసలతో మాత్రమే పోలిస్తే ఆ తేడా కూడా ఎంజైమ్ ఖాతాలోకి పోతుంది. దీనికోసం ముందే మరిగించిన ఎంజైమ్‌ను గానీ, మరిగించినప్పుడు అది గడ్డకడితే ఉత్ప్రేరక శక్తి లేని ఆల్బుమిన్ వంటి ప్రోటీన్‌ను గానీ అదే పద్ధతిలో అతికించి, ఏబీటీఎస్‌తో రంగు రాదని నిర్ధారించుకోండి. సోడియం అజైడ్‌తో ఎంజైమ్‌ను ఆపడం సులువుగా తోచవచ్చు, కానీ ఆమ్ల ద్రావణంలో దాని నుంచి ప్రాణాంతకమైన హైడ్రజోయిక్ ఆమ్లం వెలువడుతుంది. ఆ దారి తొక్కవద్దు.

ఫ్లాస్కులను 25 డిగ్రీల దగ్గర ఊపుతూ, మొదటి గంటలో అయిదు, పదిహేను, ముప్పై, అరవై నిమిషాలకు, తర్వాత కొన్ని గంటలకొకసారి, చివరగా 24 గంటలకు నమూనాలు తీయండి. పూసల నుంచి ఊడివచ్చిన ఎంజైమ్ ఉంటే అది నమూనా సీసాలో కూడా పని సాగిస్తుంది. దాన్ని ఆపడానికి నమూనాకు సమాన పరిమాణంలో మెథనాల్ కలపండి, గాఢత లెక్కలో ఆ రెట్టింపును గుర్తుంచుకోండి. కొలత, మిశ్రమంలోని పదార్థాలను ముందు విడదీసి తర్వాత కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరంతోనే జరగాలి. బిస్ఫినాల్-ఏ 276 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది నిజమే, అయితే లాకేజ్ తయారుచేసే పదార్థాలు కూడా అక్కడే పీలుస్తాయి. స్పెక్ట్రోఫోటోమీటరు వాటిని విడదీయలేదు. ఒక్కోసారి శుద్ధి జరిగేకొద్దీ విలువ పెరిగినట్టు కూడా చూపుతుంది.

లెక్క తేల్చడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రతి ఫ్లాస్కులో మొదట ఉన్నది 2 మిల్లీగ్రాములు. తడి పూసల బరువులో అధికభాగం నీరే కనుక, కొన్ని పూసలను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి పొడి బరువు లెక్కగట్టారు, అది ఫ్లాస్కుకు అర గ్రాము. చివరికి శక్తి లేని పూసల ఫ్లాస్కులో లీటరుకు 12 మిల్లీగ్రాములు, అసలు పూసల ఫ్లాస్కులో 3 మిల్లీగ్రాములు మిగిలాయి. అంటే మొదటివి 0.8 మిల్లీగ్రాము తీశాయి, రెండవవి 1.7 మిల్లీగ్రాములు. గ్రాము పొడి పూసలకు లెక్కిస్తే అధిశోషణ మాత్రమే ఉన్నచోట 1.6, రెండూ ఉన్నచోట 3.4 మిల్లీగ్రాములు.

ఇక్కడ ఆగి, 1.7 నుంచి 0.8 తీసేసి, ఎంజైమ్ 0.9 మిల్లీగ్రాము మార్చిందని రాసేవారు చాలామంది. అది తప్పు. అసలు పూసల మీద ఎంజైమ్ పనిచేస్తున్నప్పుడు నీటిలో కాలుష్యకం తక్కువగా ఉంటుంది, కాబట్టి వాటి మీద అంటుకుని ఉండేది కూడా శక్తి లేని పూసల మీద కంటే తక్కువే. సరైన దారి ఏమిటంటే, రెండు రకాల పూసలనూ తీసి, కొద్దిగా నీటితో కడిగి, మెథనాల్‌లో నానబెట్టి, అంటుకున్న బిస్ఫినాల్-ఏను బయటికి రప్పించి కొలవడం. శక్తి లేని పూసల నుంచి 0.8కి గాను 0.76 మిల్లీగ్రాము తిరిగి వచ్చిందనుకోండి. మెథనాల్ పద్ధతి 95 శాతం రాబడుతోందని తెలిసింది. అసలు పూసల నుంచి 0.3 వచ్చింది, ఆ 95 శాతం సవరణతో అది సుమారు 0.32. నీటిలోంచి పోయిన 1.7లో ఇది తీసేస్తే, నిజంగా మారిపోయినది దాదాపు 1.4 మిల్లీగ్రాములు. చూడండి, తొందరపాటు లెక్క ఎంజైమ్ చేసిన పనిలో మూడో వంతుకు పైగా దాచేసింది. ఎంజైమ్ చచ్చిపోయిన పూసల విషయంలో ఇదే లెక్క, మారినది దాదాపు సున్నా అని నిక్కచ్చిగా చెబుతుంది.

లీటరుకు 20 మిల్లీగ్రాములు ప్రయోగం కోసం ఎంచుకున్న పెద్ద గాఢత. నదీజలాల్లో ఇలాంటి పదార్థాలు సాధారణంగా లీటరుకు మైక్రోగ్రాములు, అంతకంటే తక్కువ ఉంటాయి. అంత పలుచని చోట ఎంజైమ్ వేగం గాఢతతో పాటే పడిపోతుంది. అధిశోషకం కాలుష్యకాన్ని ఎంజైమ్ పక్కన పోగుచేయడం వల్ల కలిగే లాభం అక్కడే తెలుస్తుంది కాబట్టి, పద్ధతి పట్టుబడ్డాక తక్కువ గాఢతతోనూ ఈ అయిదు ఫ్లాస్కుల పరీక్ష చేయండి.

మారినది ఏమైంది?

లాకేజ్ బిస్ఫినాల్-ఏను కార్బన్ డయాక్సైడ్ దాకా కాల్చివేయదు. ఎలక్ట్రాన్ కోల్పోయిన అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులుగా పెరుగుతాయి. వాటిలో చాలావరకు కరగకుండా అడుగుకు చేరతాయి లేదా పూసలకు అంటుకుంటాయి. కొన్నిసార్లు క్వినోన్లు ఏర్పడతాయి, అవి మూలపదార్థం కంటే ఎక్కువ విషపూరితం కావచ్చు. అందుకే బిస్ఫినాల్-ఏ పోయిందన్న కొలత దగ్గర ఆగిపోకుండా, శుద్ధి చేసిన నీటి విషతత్వాన్ని డాఫ్నియా నీటిపురుగులతోనో, వెలుగునిచ్చే బ్యాక్టీరియాతోనో, కనీసం విత్తనాల మొలకతోనో పరీక్షించండి. ఉత్త బఫర్‌ను కూడా పక్కన పెట్టి పోల్చాలి. లొంగని పదార్థాల కోసం లాకేజ్‌కు మీడియేటర్లు, అంటే ఎంజైమ్‌కూ కాలుష్యకానికీ మధ్య ఎలక్ట్రాన్లను చేరవేసే చిన్న అణువులు, కలపడం ఒక పద్ధతి; వాటిలో హైడ్రాక్సీబెంజోట్రయజోల్ వంటివి నీటిలోనే మిగిలిపోయి కొత్త కాలుష్యకాలవుతాయి కనుక, మరో మార్గం ఉన్నంతవరకు నేను వాటిని సిఫారసు చేయను.

మళ్లీ వాడటం, కాలమ్‌లో నింపడం

ప్రతి విడత తర్వాత పూసలను బఫర్‌తో కడిగి, కొన్నింటిని తీసి ఏబీటీఎస్‌తో ఎంజైమ్ శక్తిని విడిగా కొలవండి. తొలగింపు శాతం ఒక్కటే చూస్తూ పోతే, ఎంజైమ్ ఎప్పుడో చచ్చినా అధిశోషణం కొన్ని విడతలు దాన్ని కప్పిపుచ్చుతుంది. పూసలు ముదురు గోధుమ రంగుకు తిరగడం ఉత్పత్తులు రంధ్రాలను మూసేస్తున్నాయనడానికి గుర్తు. పీహెచ్ 5 బఫర్‌లో పూసలను మాత్రమే కొంతసేపు ఉంచి, ఆ బఫర్‌లో శక్తి కనిపిస్తోందేమో చూస్తే ఎంజైమ్ ఊడివస్తోందో లేదో తెలుస్తుంది.

కాలమ్‌కు వెళ్లేటప్పుడు గొట్టం వ్యాసం పూస వ్యాసానికి కనీసం పది రెట్లు ఉండాలి, లేకపోతే నీరు గోడ పక్కగా జారిపోతుంది. మెత్తని పూసలు కింద అణగిపోకుండా నీటిని అడుగు నుంచి పైకి పంపండి. 50 మిల్లీలీటర్ల పూసల గుండా నిమిషానికి రెండున్నర మిల్లీలీటర్లు పంపితే, ఖాళీ పరిమాణం లెక్కన స్పర్శకాలం 20 నిమిషాలు; అక్కడ మొదలుపెట్టి సర్దుబాటు చేసుకోండి. తేలియాడే మలినాలను ముందే వడకట్టాలి.

ఆక్సిజన్ లెక్క కూడా వేసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్, అంటే పావు మిల్లీమోల్ ఉంటుంది. ఒక ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది కనుక, తొలి ఆక్సీకరణానికి మాత్రమే లెక్కగడితే లీటరుకు ఒక మిల్లీమోల్ ఫినాల్‌కు, దాదాపు 94 మిల్లీగ్రాములకు, అది సరిపోతుంది. ఏర్పడిన పెద్ద అణువులు మళ్లీ ఆక్సీకరణం చెందుతాయి కాబట్టి నిజంలో ఇంకా ముందే ఆక్సిజన్ చాలకపోవచ్చు. పలుచని జలాలకు బెంగ లేదు. గాఢమైన వ్యర్థజలమైతే కాలమ్‌లోకి పంపే ముందు గాలి ఊదాలి.

కాలమ్ నుంచి వచ్చే నీటి గాఢతను కాలంతో పాటు గీయండి. అధిశోషణం మాత్రమే ఉన్న కాలమ్‌లో ఆ గీత మెల్లగా లేచి, చివరికి లోపలికి వెళ్లే గాఢతను అందుకుంటుంది. ఎంజైమ్ బతికి ఉన్న కాలమ్‌లో అది కొంత లేచి, లోపలి గాఢతకు కిందనే ఒక మట్టం దగ్గర నిలుస్తుంది. పూసలు నిండిపోయిన తర్వాత కూడా రెండు గాఢతల మధ్య మిగిలే ఆ ఎడమే ఎంజైమ్ నిరంతరంగా చేస్తున్న పని, దాన్ని ప్రవాహ వేగంతో గుణిస్తే నిమిషానికి ఎంత కాలుష్యకం మారుతోందో నేరుగా వస్తుంది. ఆ ఎడం తగ్గడం మొదలైతే పూసలను మార్చే సమయం దగ్గరపడిందని తెలుసుకోండి.

తీసివేసిన పూసల మీద మిగిలిన బిస్ఫినాల్-ఏ, దాని ఉత్పత్తులు ఇంకా ఉంటాయి. వాటిని మెథనాల్‌తో కడిగి మళ్లీ వాడాలనుకోవద్దు, మెథనాల్ ఎంజైమ్‌ను చంపుతుంది. పూసలను, మెథనాల్ ద్రావణాలను, మిగిలిన గ్లూటరాల్డిహైడ్‌ను వేర్వేరు సీసాల్లో పేరు, తేదీ రాసి ప్రయోగశాల ప్రమాదకర వ్యర్థాల విభాగానికి అప్పగించండి. వీటిలో ఏదీ సింకులోకి పోకూడదు.